శిక్షలు అతి కిరాతకంగా ఉంటే జనం చట్టానికి లోబడతారా? 28 ఏళ్ళు క్రిమినల్ కేసులు నడిపిన లాయరుగా నా సమాధానం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: "నేను ఇద్దరు ఆడపిల్లల తండ్రిని. పేపర్ తెరవాలంటే భయమేస్తోంది. దొంగతనానికి సౌదీలో లాగా చెయ్యి నరికి, అత్యాచారానికి నడిబజార్లో ఉరి తీస్తే నెల తిరక్కుండా సమాజం దారికొస్తుంది కదా? మన ప్రభుత్వాలు అంత కఠినంగా ఎందుకుండవు?"

రాదు. దారికి రాదు. ఇంకా పాడవుతుంది.

మీ కోపాన్ని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. నాకూ ఒక కూతురుంది. రాయలసీమలో ఒక జిల్లా కోర్టులో 28 ఏళ్ళుగా క్రిమినల్ కేసులు నడుపుతున్నాను. అందులో ఆరేళ్ళు అడిషనల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా (అడిషనల్ పీపీ) ప్రభుత్వం తరఫున పనిచేశాను, మిగతా కాలమంతా ఎక్కువగా ముద్దాయిల తరఫునే. రెండు పక్కలా నిలబడి చూశాక నాకు తేలింది ఇదీ: శిక్ష ఎంత పెద్దదని మనిషి ఆగడు, దొరికిపోతానని నమ్మితే ఆగుతాడు. శిక్ష మరీ భయంకరమైతే ఆ దొరికిపోవడమే తగ్గిపోతుంది. మొదటి మాట చాలామంది ఒప్పుకుంటారు. రెండోది వింతగా ఉంటుంది. నేను ఎక్కువగా రాయబోయేది దాని గురించే.

ముందు మొదటిది చూద్దాం.

ఇన్నేళ్ళలో నా దగ్గరికొచ్చిన ముద్దాయిల్లో, ఈ నేరానికి ఎన్నేళ్ళు పడుతుందో ముందే కనుక్కుని చేసినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. పని అయిపోయాక, సబ్‌జైలు ఊచల వెనక నుంచి అడుగుతారు, "ఎన్నేళ్ళు పడొచ్చు సార్?" అని. గొలుసు దొంగతనాల కేసులో ఒక కుర్రాడికి బెయిలు పిటిషన్ వేస్తూ అడిగాను, ఇలాంటి పని చేసేటప్పుడు భయం వెయ్యలేదా అని. "ఆ సెంటర్లో కెమెరా ఉందని తెలిసుంటే అటు పోయేవాణ్ణే కాదు సార్" అన్నాడు. వాడు లెక్క వేసుకున్నది కెమెరాని. చట్టం పుస్తకంలో మూడేళ్ళుందా, ముప్పై ఏళ్ళుందా అన్నది వాడి లెక్కలోనే లేదు.

హత్యలైతే మరీను. నేను చూసిన వాటిలో సగానికి పైగా తాగిన మైకంలోనో, గట్టు తగాదాలోనో, భార్య మీద అనుమానంతోనో జరిగినవే. పొలంలో అన్నదమ్ములు మాటా మాటా అనుకుని, చేతిలో పార ఉంది కాబట్టి దాంతోనే కొట్టినవాడికి ఆ క్షణంలో సెక్షన్ 302 గుర్తుకు రాదు (ఇప్పుడది కొత్త చట్టంలో 103). పది నిమిషాలు ఆగి ఉంటే గుర్తుకు వచ్చేదేమో. కానీ పది నిమిషాలు ఆగగలిగినవాడు అసలు కొట్టడు.

ఇక మా సీమలో ఫ్యాక్షన్ సంగతి. దేశంలో ఏ కోర్టూ వెయ్యలేనంత కఠినమైన శిక్ష అక్కడ అమల్లో ఉండేది. అవతలి వర్గం మనిషిని చంపితే నిన్ను చంపుతారు. విచారణ లేదు, అప్పీలు లేదు, క్షమాభిక్ష లేదు. బాంబులు వేసి, వేటకొడవళ్ళతో నరికి, కొన్నిసార్లు పిల్లల కళ్ళ ముందే. ఈ సంగతి ప్రతి ఒక్కడికీ తెలుసు. మరి ఆగారా? రెండు మూడు తరాలు నరుక్కున్నారు. మగదిక్కు లేకుండా మిగిలిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. నాకు తెలిసినంతలో అది తగ్గుముఖం పట్టింది ఎప్పుడంటే, పిల్లలు చదువుకుని హైదరాబాద్, బెంగళూరు వెళ్ళిపోయాక, డబ్బు వేరే దారుల్లో రావడం మొదలయ్యాక, కొన్ని కేసుల్లోనైనా సాక్షులు నిలబడి శిక్షలు పడ్డాక. చావు భయం ఒక్కటే మనుషుల్ని ఆపగలిగితే ఫ్యాక్షన్ మొదటి హత్యతోనే ముగిసిపోయేది.

ఇప్పుడు రెండో మాట. శిక్ష బరువెక్కేకొద్దీ, దాన్ని వేయించాల్సిన చేతులు వెనక్కి తగ్గుతాయి.

ఒక నేరం శిక్ష దాకా వెళ్ళాలంటే ఎంతమంది చేతులు కలవాలో బయటివాళ్ళకు తెలియదు. ఫిర్యాదు ఎవరో ఒకరు ఇవ్వాలి. ఎస్ఐ ఎఫ్ఐఆర్ కట్టాలి. పంచనామాకి ఇద్దరు మధ్యవర్తులు రావాలి. డాక్టర్ ఉన్నది ఉన్నట్టు రాయాలి. చూసినవాళ్ళు రెండేళ్ళ తర్వాతో, ఐదేళ్ళ తర్వాతో వచ్చి, ముద్దాయి ఎదురుగా నిలబడి, "ఇతనే" అని చెప్పాలి. చివరికి జడ్జి గారికి అనుమానం మిగలకూడదు. ఇందులో ఏ ఒక్కరు తడబడినా కేసు పోతుంది. శిక్ష రెండేళ్ళయితే ఒకలా చెప్పే సాక్షి, ఉరి అనేసరికి ఇంకోలా అయిపోతాడు. అది మనిషి స్వభావం, అందుకు ఆ సాక్షిని తిట్టి లాభం లేదు.

నేను అడిషనల్ పీపీగా ఉన్నప్పటి కేసు ఒకటి చెబుతాను. ఊరు, వివరాలు మార్చాను. ఒక చిన్నపాప మీద ఇంట్లోనే ఉండే దగ్గరి బంధువు అఘాయిత్యం చేశాడు. తల్లి ధైర్యం చేసి స్టేషన్‌కి వెళ్ళింది. డాక్టర్ రిపోర్టు స్పష్టంగా ఉంది. అప్పటికే పన్నెండేళ్ళలోపు పిల్లల మీద అత్యాచారానికి ఉరిశిక్ష కూడా వెయ్యొచ్చని 2018లో చట్టం మారింది. టీవీల్లో వచ్చింది, ఊళ్ళో అందరికీ తెలుసు. కేసు విచారణకొచ్చే రోజు ఆ పాప నాయనమ్మ నా దగ్గరికొచ్చి, "వాణ్ణి ఉరి తీస్తారంట గదా సార్. పాపకి జరిగింది జరిగింది. కన్నకొడుకుని నా నోటితో నేను చంపుకోవాల్నా?" అని ఏడ్చింది. నేను చెప్పాల్సినవన్నీ చెప్పాను, అంత శిక్ష పడాలనేం లేదని కూడా చెప్పాను. బోనులోకి వెళ్ళాక ఆమె ఏమీ చూడలేదంది. తర్వాత తల్లి కూడా అడ్డం తిరిగింది. ఆమెను ఇంటివాళ్ళు ఎంత నలిపేసి ఉంటారో నేను ఊహించగలను. ముద్దాయి విడుదలయ్యాడు. అదే ఇంటికి వెళ్ళాడు. పాప కూడా అదే ఇంట్లో ఉంది. ఈ కేసు గుర్తొచ్చినప్పుడు నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఇది ఎక్కడో అరుదుగా జరిగేది కాదు. జాతీయ నేర గణాంకాలు దాదాపు ఏ ఏడాదివి తీసినా, అత్యాచారం కేసుల్లో నూటికి 90 మందికి పైగా నిందితులు బాధితులకు తెలిసినవాళ్ళే. బాబాయి, మేనమామ, పక్కింటివాడు, ప్రేమించానన్నవాడు. మన మనసులో ఉండే నేరస్థుడు చీకట్లో కాపు కాసిన కొత్త ముఖం. కోర్టు ఫైళ్ళలో ఉండే నేరస్థుడు పెళ్ళిఫొటోలో పక్కన నిలబడ్డవాడు. కొత్త ముఖానికి ఉరి వెయ్యమని ఊరంతా అరుస్తుంది. సొంత మనిషికి ఉరి అంటే ఆ ఇంటి గడప దాటి ఫిర్యాదే బయటికి రాదు.

ఇంకో భయం కూడా ఉంది. అత్యాచారానికీ ఉరే, చంపినా ఉరే అయితే, ఆ దుర్మార్గుడికి ఆ పిల్లను ప్రాణంతో వదలడానికి కారణం ఏం మిగులుతుంది? సాక్షి లేకుండా చేసుకుంటేనే వాడికి లాభం. నిర్భయ ఘటన తర్వాత వేసిన జస్టిస్ జె.ఎస్.వర్మ కమిటీ 2013 జనవరిలో నివేదిక ఇచ్చింది. చట్టాలు గట్టిపరచమని ఎన్నో సూచనలు చేసిన కమిటీ, అత్యాచారానికి ఉరిశిక్ష మాత్రం సిఫారసు చెయ్యలేదు. దేశమంతా ఉడికిపోతున్న రోజుల్లో ఆ మాట చెప్పడానికి ధైర్యం కావాలి.

ఇలా చేతులు వెనక్కి తగ్గడం మన దగ్గరే ఉందనుకోకండి. దీనికి ప్రపంచంలో అతి పెద్ద ఉదాహరణ ఇంగ్లండ్.

18వ శతాబ్దం ఇంగ్లండ్‌లో మీరు కోరుకుంటున్నలాంటి చట్టమే ఉండేది. దాన్ని బ్లడీ కోడ్ అంటారు. 1688 నాటికి ఓ యాభై నేరాలకు ఉరి ఉండగా, 1820 నాటికి ఆ లెక్క రెండు వందలు దాటింది. షాపులో ఐదు షిల్లింగుల సరుకు ఎత్తుకుపోతే ఉరి. ఇంట్లోంచి నలభై షిల్లింగుల సొత్తు దొంగిలిస్తే ఉరి. ముఖానికి మసి పూసుకుని అడవిలో వేటకు తిరిగినా ఉరి, ఆ చట్టం 1723లో వచ్చింది. అదీ జనం మధ్యలోనే తీసేవాళ్ళు, లండన్‌లో వేలమంది తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చి చూసేవాళ్ళు. ఆ గుంపులోనే జేబుదొంగలు తమ పని తాము చేసుకునేవాళ్ళు. జేబుదొంగతనానికి ఉరి ఉన్న రోజుల్లో, ఉరికంబం కిందే జేబులు కత్తిరించారు.

అప్పుడు అక్కడ తీర్పు చెప్పేది జ్యూరీ. అంటే పిలిపించుకొచ్చిన పన్నెండు మంది మామూలు మనుషులు. ఒక పనిపిల్ల యజమాని ఇంట్లో వస్తువు తీస్తే ఆ పిల్లని ఉరికంబం ఎక్కించడానికి వాళ్ళకు మనసు ఒప్పలేదు. అందుకని ఏం చేశారంటే, ఎంతో విలువైన సొత్తు పోయినా దాని ఖరీదు 39 షిల్లింగులే అని తేల్చేవాళ్ళు. నలభైకి ఒక్కటి తక్కువ. లేదంటే అసలు నేరమే రుజువు కాలేదని వదిలేసేవాళ్ళు. నష్టపోయినవాళ్ళు కూడా "వాడి ప్రాణం తీయడం ఎందుకులే" అని ఫిర్యాదు చెయ్యడం మానేశారు. చివరికి 1830లో రెండు వందలకు పైగా ఊళ్ళ బ్యాంకర్లు కలిసి పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు, దొంగసంతకాలకు ఉరిశిక్ష తీసెయ్యమని. వాళ్ళు జాలిపడి పెట్టిన అర్జీ కాదది. ఉరి ఉన్నంతకాలం ఫోర్జరీ చేసినవాడికి శిక్ష పడటం లేదు, మా డబ్బుకు రక్షణ లేదు అన్నది వాళ్ళ బాధ. నష్టపోయేవాళ్ళే వచ్చి శిక్ష తగ్గించమని అడిగారు. ఈ ఒక్క సంగతి నేను జూనియర్లందరికీ చెబుతుంటాను.

అదే సమయంలో, 1829లో, లండన్‌కి జీతం తీసుకుని వీధుల్లో తిరిగే పోలీసు దళం వచ్చింది. ఒక పక్క ఉరి నేరాలు ఒక్కొక్కటే తీసేస్తూ, ఇంకో పక్క పట్టుకునే మనిషిని పెట్టారు. దేశం కుప్పకూలలేదు.

ఇంగ్లండ్ దూరం, పాత కథ అనుకుంటే బీహార్ చూడండి. 2016లో అక్కడ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు. ఆ ఏడాది అక్టోబర్ 2న అమల్లోకి వచ్చిన చట్టం ఎలాంటిదంటే, తాగి దొరికితే మొదటిసారికే కనీసం ఐదేళ్ళ జైలు, లక్ష జరిమానా. ఇంట్లో సీసా దొరికితే ఇంట్లోని పెద్దవాళ్ళందరూ నేరస్థులే అనుకోవాలి. ఇల్లు జప్తు చెయ్యొచ్చు. ఊరు మొత్తానికి జరిమానా వెయ్యొచ్చు. కల్తీ సారాతో ప్రాణాలు పోతే అమ్మినవాడికి ఉరి దాకా వెళ్ళొచ్చు. ఉద్దేశం మంచిదే. ఆ రాష్ట్రంలో ఆడవాళ్ళు పడ్డ కష్టం చూసి చేసిన చట్టం, మన దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా మీద చేసిన పోరాటం లాంటిదే దాని వెనకా ఉంది.

మరి ఏమైంది? 2017లో ఆ చట్టం కింద మొట్టమొదట శిక్షపడింది జెహానాబాద్‌లో ఇద్దరు అన్నదమ్ములకు. రోజుకూలీలు. ఐదేళ్ళ జైలు, చెరో లక్ష జరిమానా. లక్ష రూపాయలు వాళ్ళ జన్మలో చూసి ఉండరు. లారీల్లో సరుకు తెప్పించినవాళ్ళు మాత్రం తెప్పిస్తూనే ఉన్నారు. లక్షల కేసులు పేరుకుపోయాయి. 2021 డిసెంబరులో మన తెలుగువారైన అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి.రమణ గారు విజయవాడలో ఒక స్మారకోపన్యాసం ఇస్తూ ఈ చట్టం పేరు ఎత్తి మరీ ముందుచూపు లేకుండా చేశారన్నారు. ఆ చట్టం వల్ల హైకోర్టు బెయిలు పిటిషన్లతో నిండిపోయి, మామూలు బెయిలుకు ఏడాది పడుతోందని చెప్పారు. ఆ మరుసటి ఏడాది డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీ సారా తాగి పదుల మంది చనిపోయారు. చూపు పోతోందని తెలిసినా, ఆసుపత్రికి వెళితే కేసు పెడతారేమోనని ఇళ్ళల్లోనే ఉండిపోయినవాళ్ళున్నారు. ఆ చట్టం పుట్టించిన భయమే ప్రాణాల మీదికి తెచ్చింది. అప్పటికే 2018లో ఒకసారి, 2022 ఏప్రిల్‌లో ఇంకోసారి చట్టాన్ని మెత్తపరిచారు. మొదటిసారి తాగి పట్టుబడినవాడు ఇప్పుడు రెండు వేల నుంచి ఐదు వేల దాకా జరిమానా కట్టి బయటపడొచ్చు.

మనకూ ఇది కొత్త కాదు. 1995లో మన దగ్గర మద్యనిషేధం పెట్టి 1997లో ఎత్తేశారు. నేను నల్లకోటు వేసుకున్న కొత్తలో మా సీనియర్ గారి ఆఫీసులో ఆ కేసుల కట్టలు అటక మీద గుట్టలుగా ఉండేవి. దులిపి సర్దమన్నారు. ఒక్కో కట్టా విప్పి చూశాను. నాటుసారా కాచినవాడు, సైకిల్ మీద క్యాన్ తెచ్చినవాడు, గుడిసెలో నాలుగు సీసాలు పెట్టుకున్న ముసలమ్మ. కర్ణాటక నుంచి లారీలు తెప్పించినవాళ్ళ పేరు ఏ కట్టలోనూ కనపడలేదు.

అంటే కిరాతకమైన శిక్ష బలహీనుడి మీదే పడుతుంది. డబ్బున్నవాడికి మంచి లాయరు దొరుకుతాడు (నేనూ కొందరికి దొరికాను, దాచను), సాక్షులతో రాజీకి మనుషులు దొరుకుతారు, పదేళ్ళు సాగదీసే ఓపిక ఉంటుంది. లేనివాడికి ఇవేవీ ఉండవు. మీరు చెప్పిన గల్ఫ్ సంగతే చూడండి. సిరిసిల్ల ప్రాంతం నుంచి దుబాయ్ వెళ్ళిన ఐదుగురు వలస కూలీలు ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో ఇరుక్కుని సుమారు 18 ఏళ్ళు అక్కడి జైల్లో గడిపి 2024 ఫిబ్రవరిలో ఇంటికి చేరారు. భాష రాదు, అరబ్బీలో రాసిన కాగితం మీద ఏముందో తెలీదు. చనిపోయినవాడి కుటుంబం క్షమిస్తే, సొమ్ము తీసుకుంటే అక్కడ శిక్ష తగ్గే వీలుంది. ఆ సొమ్ము ఉన్నవాడికీ లేనివాడికీ ఆ చట్టం ఒక్కటి ఎలా అవుతుంది?

తప్పు మనిషి దొరికితే ఏం చేస్తాం అన్న ప్రశ్న కూడా ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో హాస్టల్లో ఒక బీఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. రాష్ట్రం అట్టుడికింది. ఒక పేద యువకుణ్ణి పట్టుకుని అతనే చేశాడన్నారు. 2010లో సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. 2017 మార్చిలో హైకోర్టు అతను నిర్దోషి అని వదిలేసింది. అప్పటికి ఎనిమిదేళ్ళకు పైగా జైల్లో ఉన్నాడు. ఆ అమ్మాయి తల్లే మొదటి నుంచీ ఇతను కాదు, కాదు అని మొత్తుకుంది. నడిబజారు ఉరి చట్టం అప్పుడు ఉండి ఉంటే మనమందరం చూస్తుండగా అతన్ని ఉరితీసేవాళ్ళం, ఇంటికెళ్ళి న్యాయం జరిగిందని భోంచేసేవాళ్ళం.

ఎన్‌కౌంటర్ల విషయంలో మీకు కోపం రావచ్చు, అయినా చెప్పాలి. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితుల్ని కొద్ది రోజుల్లోనే కాల్చి చంపారు. జనం పూలు చల్లారు. ఇంతకంటే వేగంగా, ఇంతకంటే కఠినంగా ఏ దేశంలోనూ శిక్ష ఉండదు. భయమే పనిచేసేదైతే ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఆడపిల్ల జోలికి ఎవడూ పోకూడదు. పదకొండేళ్ళ తర్వాత, 2019 నవంబరులో, శంషాబాద్ దగ్గర దిశ ఘటన జరిగింది. మళ్ళీ ఎన్‌కౌంటర్, మళ్ళీ పూలు. సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ పోలీసుల కథనం నమ్మదగింది కాదని, చంపాలనే కాల్చారని తేల్చింది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా రాసింది. ఆ నలుగురే చేశారా, ఇంకెవరైనా ఉన్నారా అన్నది సాక్ష్యంతో తేలే అవకాశం కూడా వాళ్ళతోపాటే పోయింది. 2019 డిసెంబరులోనే ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 21 రోజుల్లో తీర్పు, ఉరి అంటూ దిశ బిల్లు చేసింది. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. స్టేషన్లలో, ల్యాబుల్లో, కోర్టుల్లో మనుషులు అంతే ఉండగా 21 రోజుల్లో విచారణ ఎలా ముగుస్తుందో నాకు అప్పుడూ అర్థం కాలేదు.

సింగపూర్ మాటేమిటి అని కొందరు అడుగుతారు. అక్కడ కఠిన శిక్షలున్న మాట నిజం, ప్రశాంతంగా ఉన్న మాటా నిజం. కానీ దాని పక్కన హాంకాంగ్‌ని పెట్టి చూడండి. అలాంటి ఊరే, అలాంటి వ్యాపారాలే. హాంకాంగ్ 1966 తర్వాత ఎవరినీ ఉరి తీయలేదు, 1993లో ఉరిశిక్షను చట్టం నుంచే తొలగించింది. సింగపూర్ 1990ల్లో చాలామందిని ఉరి తీసింది. హత్యలు రెండు చోట్లా దాదాపు ఒకే తీరులో తగ్గుతూ వచ్చాయి. రెండింటిలోనూ ఉన్నది లంచం తీసుకోవడానికి భయపడే పోలీసు, త్వరగా తేలే కేసు.

మన దేశం లెక్క కూడా చూడండి. 2000 సంవత్సరం నుంచి ఇప్పటిదాకా మన దేశంలో ఉరి తీసింది ఎనిమిది మందిని. 1990ల మొదట్లో లక్ష జనాభాకు నాలుగుకు పైగా ఉన్న హత్యల రేటు 2022 నాటికి 2.1కి వచ్చింది. ఉరికంబం దాదాపు ఖాళీగా ఉన్న కాలంలోనే హత్యల రేటు సగానికి తగ్గింది. ఇంకో పక్క, నిర్భయ తర్వాత 2013లో, 2018లో చట్టాలు బాగా బిగించాక కూడా విచారణ ముగిసిన అత్యాచారం కేసుల్లో శిక్షపడేది ఎక్కువ ఏళ్ళలో నూటికి 27, 28 దగ్గరే ఉంది. 2012లో దాదాపు 25 వేల కేసులుంటే 2022లో 31 వేలు దాటాయి. (ఈ పెరుగుదలలో కొంత మంచిది, ముందు దాచుకున్నవాళ్ళు ఇప్పుడు ఫిర్యాదు చేస్తున్నారు. అది మరచిపోకూడదు.) నూటికి 72 మంది బయటికి నడిచి వెళ్తున్నప్పుడు, మిగిలిన 28 మందికి పడే శిక్షను ఇంకెంత పెంచినా, ఆ 72 మందిని చూసినవాడికి భయం ఎక్కడి నుంచి వస్తుంది?

కనీస శిక్ష ఇంతకు తగ్గకూడదని చట్టం కట్టేస్తే జడ్జి గారి పరిస్థితి ఏమిటో కూడా చూశాను. పందొమ్మిదేళ్ళ కుర్రాడు, పదిహేడు నిండిన అమ్మాయి. ఇష్టపడి వెళ్ళిపోయారు. అమ్మాయి తండ్రి పోక్సో (పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు పెట్టాడు. నేను ఆ కుర్రాడి తరఫున. విచారణకొచ్చేసరికి వాళ్ళకు పెళ్ళయింది, చంకలో బిడ్డ. నేరం రుజువైతే కనీసం పదేళ్ళు, తగ్గించడానికి వీల్లేదు. జడ్జి గారు చాలాసేపు ఫైలు వంక, ఆ బిడ్డ వంక చూశారు. అమ్మాయి "నా మీద ఏమీ జరగలేదు" అంది, బిడ్డ చంకలో ఉండగానే. అందరికీ అబద్ధమని తెలుసు. కేసు కొట్టేశారు. ఇంగ్లండ్ జ్యూరీ వేసిన 39 షిల్లింగుల లెక్క నా కళ్ళ ముందే జరిగింది. ఆరోజు ఆ కుటుంబానికి మేలే జరిగింది, కానీ కోర్టులో అందరం కలిసి ఒక అబద్ధాన్ని మోశాం. ఇలా మోయడం అలవాటైన కోర్టు రేపు నిజమైన కేసులోనూ తేలిగ్గా వదిలేస్తుంది.

కఠిన శిక్షే వద్దని నేను అనడం లేదు. పదే పదే పిల్లల జోలికి వెళ్ళేవాణ్ణి, డబ్బు తీసుకుని మనుషుల్ని చంపేవాణ్ణి దీర్ఘకాలం లోపల ఉంచాల్సిందే. వాడు లోపల ఉన్నంతకాలం బయటివాళ్ళు క్షేమం. కొత్త శిక్ష ప్రకటించిన మొదటి వారాల్లో భయం పుడుతుందనీ ఒప్పుకుంటాను. 2019 సెప్టెంబరులో ట్రాఫిక్ జరిమానాలు పెంచారని టీవీల్లో రాగానే హెల్మెట్ షాపుల ముందు, పొల్యూషన్ సర్టిఫికెట్ల దగ్గర క్యూలు కట్టారు. రెండు నెలలకు, రోడ్డు మీద ఎవరూ ఆపడం లేదని తేలాక, హెల్మెట్ మళ్ళీ బండి అద్దానికి వేలాడింది. కెమెరా ఉన్న కూడలికి వంద గజాల ముందు తలకెక్కుతుంది, దాటాక దిగుతుంది. జరిమానా రెండు చోట్లా ఒకటే. అర్థశాస్త్రంలో కౌటిల్యుడే చెప్పాడు, దండన మరీ తీవ్రమైతే జనం బెదిరి తిరగబడతారు, మరీ మెత్తనైతే రాజును లెక్కచెయ్యరు, తగినంతగా ఉంటేనే గౌరవిస్తారు అని.

మరి ఏం అడగాలి? ఇది నా అభిప్రాయం. ఉరి అడగడానికి పెట్టే గొంతు, ఫోరెన్సిక్ ల్యాబులో ఖాళీలు నింపమని అడగడానికి పెట్టండి. మా జిల్లాలో ల్యాబు రిపోర్టు కోసమే నెలల తరబడి ఆగిన కేసులున్నాయి. ఏడేళ్ళు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్వయంగా నేరం జరిగిన చోటు చూడాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త బీఎన్ఎస్ఎస్ చట్టం అంటోంది, ఆ నిపుణుల్ని నియమించమని అడగండి. సాక్షుల రక్షణకు 2018లోనే సుప్రీంకోర్టు ఒక పథకాన్ని ఆమోదించి రాష్ట్రాలన్నీ అమలు చెయ్యాలంది. మీ జిల్లాలో ఎంతమంది సాక్షులకు రక్షణ ఇచ్చారని ఆర్టీఐ కింద ఒక దరఖాస్తు పెట్టి చూడండి. మీ పిల్లలకు, ఎవరి గురించైనా సరే, బాబాయి గురించైనా సరే, ఇంటికొచ్చి చెప్పొచ్చన్న ధైర్యం ఇవ్వండి. వాళ్ళు చెబితే ముందు నమ్మండి. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ కట్టించుకోవచ్చు, హద్దు మాది కాదని పంపించడానికి వాళ్ళకు వీల్లేదు.

మీకు ఎప్పుడైనా సాక్షిగా సమన్లు వస్తే వెళ్ళండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. నేను అడిషనల్ పీపీగా ఉన్నప్పుడు, కోర్టుకు నలభై కిలోమీటర్ల దూరంలో బస్టాండు దగ్గర పూలమ్ముకునే ఒకామె సాక్షి. ఒక అమ్మాయిని నలుగురూ చూస్తుండగా లాక్కెళ్ళబోయిన కేసు. ఆ సమయంలో అక్కడ ఎంత లేదన్నా ముప్పై మంది ఉన్నారు. స్టేట్‌మెంట్ ఇచ్చింది ఈమె ఒక్కతే. ముద్దాయి పక్క ఊరి పలుకుబడి ఉన్న ఇంటివాడు, ఆమె బుట్ట దగ్గరికి మనుషుల్ని పంపాడు, డబ్బు చూపించాడు, తర్వాత బెదిరించాడు. కేసు పదకొండు సార్లు వాయిదా పడింది. ఒకరోజు జడ్జి గారు సెలవు, ఒకరోజు ముద్దాయి రాలేదు, ఒకరోజు వాళ్ళ లాయరు టైం అడిగాడు. పదకొండు సార్లూ ఆమె తెల్లవారుజామున పూలు మార్కెట్లో కొనకుండానే బస్సెక్కి వచ్చింది, అంటే ఆ రోజు సంపాదన లేనట్టే. పన్నెండోసారి సాక్ష్యం తీసుకున్నారు. వాళ్ళ లాయరు గంటన్నర సేపు అటూ ఇటూ తిప్పి అడిగాడు. ఆమె అడిగినదానికల్లా ఒకే మాట చెప్పింది: "ఆ పిల్ల చెయ్యి వీడి చేతిలో ఉండె, నేను చూసినా." ముద్దాయికి ఐదేళ్ళు పడింది. ఆ తర్వాత ఆ బస్టాండులో నేను కేసులు నడిపినంతకాలం అలాంటి ఫిర్యాదు ఇంకొకటి నా బల్ల మీదికి రాలేదు. ఆమెకు సాక్షి భత్యం కింద వచ్చిన డబ్బు పన్నెండు సార్ల బస్సు ఛార్జీలకు కూడా చాల్లేదు.